పిడుగుపై పాలసీసా దండయాత్ర

అవధరింపుడు, నిద్ర చాలని మహాజనులారా! పిల్లనెత్తుకున్నవారు ఎత్తుకునే, జోకొట్టువారు జోకొట్టుచునే అవధరింపుడు! ప్రచండమార్తాండుడు బాల్కనీ కటకటాలపై మోచేతులానించి వీధిలోకి తొంగిచూచుచున్న ఒకానొక ఆదివారమున, లిఫ్టు ఉన్నదన్న పేరే గాని అది కదలగా చూచిన కన్ను లేని ఒకానొక మేడయందు, మూడవ అంతస్తున, దండెముపై చంటిగుడ్డలు శరణుపతాకములవలె వేలాడుచుండగా, అమ్మ పాలు తప్ప అన్యపానీయమెరుగని ఒక దంతహీన వీరాగ్రేసరికిని, నలుగురు పెద్దమనుషులకును నడుమ జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదను. ఆ వీరాగ్రేసరికి అసలు పేరొకటి లేకపోలేదు. కానీ పుట్టిన మర్నాటి నుంచీ ఇంటిల్లిపాదీ ఆమెను పిలిచేది పిడుగు అనే.

పిడుగును కన్న తల్లి సామాన్యురాలు కాదు. ఊరి కుళాయిలన్నింటి నీటినీ సీసాల్లో పట్టి తెప్పించి, గాజుగొట్టాల్లోకెత్తి, రంగుమందు చుక్కలు వేసి, ఏది తాగదగినదో ఏది కాదో తేల్చి తీర్పు చెప్పే జలధర్మాసనాధీశ్వరి. మామూలు మాటల్లో, నీటి పరీక్షాశాలలో టెక్నీషియను. ప్రసవం సెలవు ఆ ఆదివారంతో సరి. సోమవారం రాకపోతే నీ బల్ల ఇంకొకరికి ఇవ్వక తప్పదమ్మా అని పై అధికారి ఫోనులో చాలా మెత్తగా చెప్పాడు, అంత మెత్తగా చెప్పినందుకే ఆమె గుండెల్లో రాయి పడింది. ఆ బల్లంటే ఆమెకు ప్రాణం. పిల్లంటే అంతకు పదింతల ప్రాణం. పిల్ల సీసాతో పాలు తాగితే రెండు ప్రాణాలూ నిలుస్తాయి, తాగకపోతే ఒకటి వదులుకోవాలి. పిడుగు ఇప్పటిదాకా సీసా నోట పెట్టనివ్వలేదు.

ఇక ఆ గృహదుర్గంలోని ఆయుధాగారాన్ని వర్ణిస్తాను, ఓపిక పట్టండి. పసిపాప ఒడిలో ఒదిగేందుకు అమ్మ నడుము చుట్టూ అమరే అర్ధచంద్రాకార మహోపధానం ఒకటి. కక్కితే పీల్చుకోవడానికి వీరుల ఉత్తరీయాల్లా భుజాన వేసుకునే మెత్తటి తువాళ్లు ఒక దొంతర. గడ్డం కింద కట్టే లాలాజలనివారణ కవచాలు, వాటి మీద నవ్వుతున్న ఏనుగులు. రవికె తడవకుండా లోపల పెట్టుకునే గుండ్రటి పలకలు, అవి ఎప్పుడు చూసినా సోఫా సందుల్లోనే దొరుకుతాయి. ఫ్రీజరులో పచ్చిబఠాణీల పొట్లం పక్కన గడ్డకట్టి వరుసగా నిలబడ్డ పాలసంచులు. సీసాలు కడిగే బ్రష్షు, ఆ బ్రష్షును కడిగే ఇంకో బ్రష్షు, అన్నింటినీ ఆవిరిలో ఉడికించి పునీతం చేసే పాత్ర. వీటన్నింటికీ చక్రవర్తిలా, ఆనుచు నొక్కుచు లాగుచు విడుచుచు 'గుర్ర్‌ర్, చుప్' అను గంభీరనాదముతో క్షీరాకర్షణము గావించు విద్యుత్ యంత్రరాజము ఒకటి. ఇంట్లో అందరూ దాన్ని పంపు అంటారు.

ఇందరు సైనికులున్న చోట సేనాని ఉండాలి కదా. ఆడపిల్లల హాస్టలుకు ఏళ్ల తరబడి వార్డెనుగా పనిచేసి, తాళాలగుత్తి చప్పుడుతోనే నడవాలన్నీ నిశ్శబ్దం చేసిన అత్తగారు ఉద్యోగవిరమణానంతరం ఖాళీగా లేదు. ఆవిడ చేతికి ఒకే ఒక్క ఖైదీ దొరికింది, ఆ ఖైదీ మాట వినదు. ఉపసేనాని పిడుగు తండ్రి, లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసి, ఇంటికొచ్చి, మూడంతస్తులూ మెట్లెక్కే మహానుభావుడు. ఓడిపోయిన ప్రతి యుద్ధం తర్వాతా బజారుకెళ్లి సీసాకు ఇంకో రకం రబ్బరు పీక కొనుక్కురావడమే అతని యుద్ధనీతి.

నాలుగో పెద్దమనిషి గురించి జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఆయన తన గురించి ఎవరైనా మాట్లాడితే లేచి వెళ్లిపోతాడు. మామగారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కోడలున్న గదిలోకి రావాలంటే ముందు దగ్గుతాడు, తర్వాత చెప్పులు చప్పుడు చేస్తాడు, ఆ తర్వాత ఎందుకైనా మంచిదని రావడం మానేస్తాడు. పంపు సంచి కనబడిందంటే చాలు, పేపరు పట్టుకుని హాల్లో గోడవైపు కుర్చీలోకో బాల్కనీలోకో మాయం. ఆ యంత్రాన్ని ఆయన కంటితో చూసిన పాపాన పోలేదు. కానీ ఓ రోజు భార్యను పిలిచి, ఆ మిషను గొంతు మారింది, లోపల రబ్బరు బిళ్లేదో అరిగుంటుంది చూసుకోమని కోడలికి చెప్పు, అని కబురంపాడు. చూస్తే నిజంగానే అరిగింది. ఇంజను జబ్బు చెవితో పట్టేసే మనిషికి అదో లెక్కా అని అందరూ అనుకుని ఆ సంగతి మరిచిపోయారు.

పూర్వయుద్ధాల చరిత్ర చెప్పాలంటే సిగ్గుచేటు. గుండ్రటి పీక పెట్టారు, పిడుగు నాలుకతో బయటికి నెట్టింది. చదును పీక పెట్టారు, పెదాలు బిగించింది. ముమ్మూర్తులా అమ్మలాగే ఉంటుందని డబ్బా మీద రాసున్న పీక పెట్టారు, అమ్మకు అవమానం జరిగిందన్నట్టు ఊరంతా వినేలా ఏడ్చింది. పాలు వేడి చేశారు, చల్లార్చారు, మళ్లీ వేడి చేశారు. ఎవరి పప్పులూ ఉడకలేదు.

అప్పుడు అత్తగారు కొంగు నడుముకు బిగించి, ధర్మసూక్ష్మమంతా మథించి, మహామౌనశాసనం ఒకటి ప్రకటించింది. పసిగుడ్డుల కర్ణపుటములు లేజివురుటాకులకన్నను సుకుమారములనియు, అణుమాత్రశబ్దముచేతను శిశుచిత్తము సీసావిముఖమగుననియు, కావున పానసమయమున ఈ గృహమున చీమ నడచిన సవ్వడియు వినరాదనియు ఆ శాసన తాత్పర్యం. ఆవిడ నోటి నుంచి వచ్చింది మాత్రం, "ఫాను ఆపండి" అనే.

ఫాను ఆగింది. కుక్కరు నోరు మూసుకుంది. ఫోన్లు మూగబోయాయి. ముఖ్యంగా ఆ పంపు. దాని మోత పిల్ల చెవిన పడితే ఉలిక్కిపడి జన్మలో పాలు ముట్టదని అత్తగారికి మొదటి నుంచీ గట్టి నమ్మకం. పాలు తాగించేటప్పుడు దాన్ని తిప్పకు అని కోడలికి చెప్పింది, చెప్పి ఊరుకోకుండా దానికి పాత తువాలు చుట్టి అలమరలో పెట్టించింది. కోడలు బుద్ధిగా తలూపింది.

తలూపింది నిజమే. కానీ, మహాజనులారా, తలూపడం వేరు, వినడం వేరు. రోజూ పొద్దున్నే తలుపు గడియ వేసుకుని, ఒక పక్క పిల్లకు పాలిస్తూ రెండో పక్క పంపు పెట్టుకోవడం ఆమెకు అలవాటు. అలా చేస్తే రెండు పనులూ ఒక్కసారే అయిపోతాయి, స్నానానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. అత్తగారికి తెలిస్తే అగ్గి మీద గుగ్గిలమవుతుందని ఆ రహస్యాన్ని ఎవరికీ చెప్పలేదు. అందులో ఇంకో రహస్యం దాగుందని ఆమెకూ తెలియదు.

అంతిమయుద్ధానికి ముహూర్తం కుదిరింది. అమ్మ వాసన తగిలితే పిల్ల సీసా పట్టదు కనుక అమ్మ కనబడకూడదు, వినబడకూడదు, గాలికి కూడా తగలకూడదు అని అత్తగారు తేల్చింది. పడగ్గది హాలుకు మరీ దగ్గర. మెట్ల మీద కూర్చుంటానంటే పక్కింటావిడ పలకరింపులు మొదలుపెడుతుంది. చివరికి జలధర్మాసనాధీశ్వరికి బాత్రూమ్ నిర్వాసస్థానంగా నిర్ణయమైంది. వెళ్లే ముందు ఆమె అలమరలోంచి పంపు తీసి తువాలుతో సహా చంకన పెట్టుకుంది, పాలిచ్చే వేళ దాటిపోతే పాలు నిండి గుండెలు రాళ్లయిపోతాయి కదా. ఆ మూటను చూడగానే మామగారు బాల్కనీలోకి నడిచి వీధిని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు.

గడియ పడింది. ఆమె బకెట్టు బోర్లించుకుని కూర్చుని చెవులు రిక్కించింది.

అటు హాల్లో, అర్ధచంద్రోపధానమును ఒడిని అమర్చుకొని, భుజమున తువాలు దాల్చి, కోడలి పాత నైటీని వాసన కోసం మెడకు చుట్టుకొని, పిడుగును ఎడమచేత పొదివిపట్టిన అత్తగారును, గోరువెచ్చని సీసాను ఎత్తిపట్టిన ఉపసేనానియు ముందుకు కదిలిరి. పీక పెదవులను తాకెను. ఒక్క క్షణము లోకములన్నియు ఊపిరి బిగబట్టెను. అంతట పిడుగు, నుదురు ముడిచి, పిడికిళ్లు బిగించి, అంగుళమైనా లేని నాలుకను గదవలె ఝళిపించి పీకను పెకలించి, నోరు తెరచి, కిటికీ అద్దములు గజగజలాడ, మేడపై పావురములు లేచిపోవ, కింది అంతస్తున ఎవరో ఉలికిపడి గరిటె జారవిడువ, మహారోదనము గావించెను. మళ్లీ పెట్టారు. మళ్లీ అదే కథ.

తలుపు వెనక తల్లి కళ్లు మూసుకుంది. పిల్ల ఏడుపు వినగానే పాలు చేపుకొచ్చాయి, రవికె తడిసింది. ఆ కాసేపట్లో ఆమె మనసులో బల్ల ఓడిపోయింది. రేపు ఫోను చేసి రానని చెప్పేస్తాను, గాజుగొట్టాలు పోతే పోయాయి, అనుకుంది. అనుకోగానే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తువాలు విప్పి, పంపు తగిలించుకుని, మీట నొక్కింది.

గుర్ర్‌ర్, చుప్. గుర్ర్‌ర్, చుప్.

హాల్లో ఏడుపు తెగిపోయింది.

మొదట ఆమెకు భయమేసింది, పొలమారిందేమోనని. తలుపుకు చెవి ఆనించింది. గుటక వినబడింది. తర్వాత ఇంకో గుటక. సందేహం లేదు, అవి గుటకలే, అమ్మ చెవికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. అటు హాల్లో, పిల్ల గుటకల మీదే ధ్యాసంతా ఉండి ఆ మోతను పట్టించుకోని అత్తగారు, తన మౌనవ్రతం ఇన్నాళ్లకు ఫలించిందని కొడుకుకు కళ్లతో సైగ చేస్తోంది. అప్పుడే పంపు మీద ఎర్రదీపం రెండుసార్లు మిణుకుమని, యంత్రరాజు నిట్టూర్చి, చార్జింగు అయిపోయి కన్నుమూశాడు. అదే క్షణంలో బయట ఏడుపు లేచింది.

ఆమె పంపును తొడ మీద తట్టింది. అది కొనఊపిరితో రెండు 'గుర్ర్' లంది. బయట రెండు గుటకలు. అది ఆగింది. ఏడుపు. నీటి పరీక్షల్లో ఇన్నేళ్లు పండిన బుర్రకు ఇంకేం కావాలి? ఆమె తలుపు సందులోంచి, "పంపు మోత ఉంటేనే తాగుతోంది" అని మెల్లగా చెప్పింది.

అత్తగారి మహామౌనశాసనం ఆ ఒక్క వాక్యానికి నిలువునా కూలింది. అయినా సేనాని సేనానే, కూలిన శాసనం మీదే నిలబడి కొడుకును చార్జరుకు తరిమింది. కానీ బ్యాటరీ పూర్తిగా నిండితే గాని లేవని మొండి జాతి యంత్రమది, అంతదాకా పిడుగు ఆగదు. ఉపసేనాని చార్జరు వదిలేసి, ఫోను తీసి అలాంటి మోత కోసం వెతికాడు, దొరికింది కూడా. కానీ మోతకు ముందు ఎవరో పెద్దగొంతుతో ఇంటి రంగులు అమ్మడం మొదలుపెట్టేసరికి పిడుగు కాళ్లు బిగదన్ని కెవ్వుమంది. రంగులయ్యాక మోత వచ్చింది. పిడుగు ఆ ఫోను వంక ఒక్క చూపు చూసింది, నన్నింత తెలివితక్కువదాన్ననుకున్నారా అన్నట్టు, ఇంకా గట్టిగా ఏడ్చింది.

"అయినా రేపు ఆ పంపు నీతో ఆఫీసుకొచ్చేస్తుందిగా," అన్నాడు అతను తలుపుతో, నీరసంగా. గెలిచినట్టే గెలిచి చేతులెత్తేయాల్సిన ఘట్టం అది. లోపల ఆమె చచ్చిన యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని, అధికారికి ఏ మాటలతో చెప్పాలా అని కూడబలుక్కుంటోంది.

గుర్ర్‌ర్, చుప్.

ఆమె ఉలిక్కిపడి ఒళ్లోకి చూసింది. పంపు దీపం లేదు, కదలిక లేదు. చెవి దగ్గర పెట్టుకుని చూసింది, శవం.

గుర్ర్‌ర్, చుప్. గుర్ర్‌ర్, చుప్. మోత మాత్రం వస్తూనే ఉంది. తొలుత చిన్నగా, వడివడిగా. తర్వాత గేరు మార్చినట్టు నిదానంగా, లోతుగా, అచ్చం పాలు దిగడం మొదలయ్యాక పంపు మారినట్టే. చివర్న రబ్బరు బిళ్ల అతుక్కుని విడిపోయే ఆ చిన్న 'చుప్' తో సహా. ఆ మోత వెనకే గుటకలు, ఒకదాని మీద ఒకటి. ఆమె ఇక ఉండబట్టలేక గడియ తీసి, తలుపు వెంట్రుకవాసి తెరిచి చూసింది.

ఏమని వర్ణింతును! ఘాట్‌రోడ్డు మలుపులను ముప్పుతిప్పలు పెట్టిన ఆ శకటచక్రవర్తి, లజ్జాభరావనతమస్తకుడై, బాల్కనీ విడిచివచ్చి, హాలు మూలన కుర్చీని గోడవైపు తిప్పుకొని, గోడమీది క్యాలెండరుతో ముఖాముఖి కూర్చుండి, అదృశ్య స్టీరింగును రెండు చేతుల పట్టి, బుగ్గలు పూరించి, పెదవులు కంపింపజేయుచు, ఓష్ఠాగ్రములనుండి యంత్రరాజమును పునరుజ్జీవింపజేయుచుండెను. చెవులు మాత్రం మిరపపళ్లలా ఎర్రబడ్డాయి. పిడుగు కళ్లు అరమోడ్చి, అత్తగారి చిటికెనవేలు పిడికిట పట్టుకుని, సీసాను లాగిస్తోంది.

కొడుకు నవ్వు ఆపుకోలేక ముక్కుతో బుస్సుమన్నాడు. మోత తడబడింది, పిడుగు కన్ను తెరిచింది. మామగారు క్యాలెండరుతోనే చెప్పాడు. "నవ్వకండిరా. నవ్వితే శ్రుతి పోతుంది." వెంటనే మళ్లీ అందుకున్నాడు.

"ఇదంతా మీకెలా వచ్చు?" అంది అత్తగారు గుసగుసగా.

రెండు మోతల మధ్య ఊపిరి తీసుకునే సందులో ఆయన జవాబిచ్చాడు. "రోజూ పొద్దున గదిలో వినబడేదేగా. పిల్ల ఆ మోతలోనే తాగుతుంది."

అంతే, కోడలి గుట్టు రట్టయింది. అత్తగారు తలుపు సందు వైపు ఒక హాస్టలు చూపు చూసింది, ఆ చూపుకు పూర్వం ఎందరో పిల్లలు దొంగతనంగా తెచ్చుకున్న చిరుతిళ్లు వాళ్లంతట వాళ్లే అప్పజెప్పేశారు. కోడలు సందును వెంట్రుకవాసి నుంచి అందులో సగానికి తగ్గించింది. ఇన్నాళ్లూ మామగారికి తన దొంగతనం తెలుసునని, తెలిసీ ఎవరి చెవినా వెయ్యలేదని అర్థమై, ఆమెకు నవ్వూ సిగ్గూ కలిసొచ్చాయి. అత్తగారు కూడా ఎంతోసేపు చూపు నిలపలేకపోయింది. దృష్టి భర్త వీపు మీదికి మళ్లి, "పెళ్లయిన ఇన్నేళ్లలో నాకోసం ఒక్క పాట పాడలేదు ఈయన" అని మాత్రం అంది.

సీసా దించేసరికి పిడుగు అత్తగారి భుజాన త్రేన్చి నిద్రపోయింది. తల్లి బయటికొచ్చింది. సీసా అందుకుని, పరీక్షాశాలలో చేసినట్టే కంటి ఎత్తుకు పట్టుకుని, అడుగున మిగిలిన పాలు ఏ గీతకు సమంగా ఉన్నాయో చూసింది. చెంచాడు కూడా మిగల్లేదు. ఆనందంతో ఆ గీతలను మళ్లీ ఒకసారి లెక్కపెట్టింది. ఆ ఆనందం అడుగున, నేను లేకుండానే తాగేసిందే, అని చిన్న మంట కూడా ఉంది. రెండూ నిజమే, రెండూ ఆమెవే.

మామగారు కుర్చీలోంచి లేచి బాల్కనీ వైపు రెండడుగులు వేసి ఆగాడు. ఇన్నేళ్లలో భార్య మధ్యవర్తిత్వం లేకుండా ఆయన కోడలితో నేరుగా అన్న మొదటి మాట ఇదే. కాకపోతే చూపు ఇంకా క్యాలెండరు మీదే ఉంది. "రేపు వెళ్లమ్మా. దీని సంగతి నేను చూసుకుంటా."

సోమవారం ఆమె వెళ్లింది. తన బల్ల మీద గాజుగొట్టాలు వరుస తప్పకుండా ఉన్నాయి. మధ్యాహ్నం రంగుమందు సీసాలుండే గదిలో తలుపు వేసుకుని పంపు తగిలించుకుంది. గుర్ర్‌ర్, చుప్ అంది అది. అంతవరకు ఆమెకది యంత్రం మోత. ఇప్పుడది అచ్చం మామగారి గొంతు, ఎర్రబడ్డ చెవులతో సహా. ఒంటరిగా నవ్వుకుంది, నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది, పాలు రోజూ ఆగే గీత దాటి పైకి లేచాయి.

అంతలో అత్తగారి ఫోను. పిల్ల తాగిందా అని అడిగేలోపే ఆవిడ మొదలెట్టేసింది. తాగింది, చుక్క మిగల్చలేదు, మంచిదే. ఇప్పుడు కొత్త చిక్కొచ్చిపడింది. "పాలయిపోయి చాలాసేపైంది. పిల్ల నిద్రపోయింది. కానీ ఈయన ఆపితే లేస్తోంది. పెదాలు తిమ్మిరెక్కాయని సైగలు చేస్తున్నాడు. నువ్వు ఎన్నింటికొస్తావు?"

వెనకనుంచి, అలసిన ఇంజనులా, అయినా గేరు తప్పకుండా వినబడుతూనే ఉంది. గుర్ర్‌ర్, చుప్.

కావున, మహాజనులారా, దిక్కులు వినునట్లు ఘోషించుచున్నాను: పాలసీసా గెలిచెను! పిడుగు లొంగెను! జలధర్మాసనాధీశ్వరి బల్ల నిలిచెను! ఈ గాథను శ్రద్ధగా విన్నవారి సీసాలు కారకుండుగాక, వారి పీకలు మంచము కిందికి దొర్లకుండుగాక, వారి యంత్రములు చార్జింగుతో వర్ధిల్లుగాక! శకటచక్రవర్తికి మాత్రం సాయంత్రం కోడలు మెట్లెక్కి వచ్చేదాకా విరామం దొరకలేదు. ఆమె వచ్చి, పిల్లనందుకుని, ముందుగా ఆయనకే ఓ గ్లాసుడు మంచినీళ్లిచ్చింది.